అప్పడాలు కాల్చుకొని సదివిన సారు

మా హాస్టల్ల మెస్సు గోడకు ఒక ఫోటో ఉండేది. నీలం కోటు, ఎర్ర టై, కండ్లద్దాలు, చేతుల పుస్తకం. ప్లేటు పట్టుకొని లైన్ల నిలబడితే ఎదురుంగ గదే కనపడేది. మూడేండ్లు రోజుకు రెండు పూటలు ఆయన ముఖం సూసుకుంటనే పప్పుచారు పోసుకున్న. ఏప్రిల్ 14 వస్తే దండ ఏసేటోళ్లం, జై భీమ్ అనేటోళ్లం, స్వీటు తినేటోళ్లం. గని ఆ మనిషి మా ఈడుల ఉన్నప్పుడు ఏం తిన్నడు, ఏ అర్రల పన్నడు, ఫీజుకు పైసలు ఏడికెల్లి తెచ్చిండు, గిది ఒక్కనాడన్న అడగలే. దేవుని ఫోటోను ఎవరన్న గట్ల అడుగుతరా?

డిగ్రీ రెండో ఏడు నాకు రెండు సబ్జెక్టులు పోయినయి. అదే ఏడు స్కాలర్‌షిప్ కూడ రాలే. ఇంటికాడ బోరు ఎండిపోయింది, నాయిన అప్పు తెచ్చి అప్పటికే మొకం సాటేసుకొని తిరుగుతున్నడు. ఇగ సదువు బందువెట్టి హైదరాబాద్ పోయి ఏదన్న పని సూసుకుందామని బ్యాగు సదురుకున్న. బస్సుకు ఇంక మూడు గంటల టైముంటే ఊకె కూసోలేక లైబ్రరీల కూసున్న. గక్కడ దొరికింది ఆయన జీవిత చరిత్ర, అట్ట ఊడిపోయిన లావు పుస్తకం. రాజ్యాంగం రాసిన కథ కోసం తెరిచిన, కాలేజీ పేజీల కాడ ఇరుక్కుపోయిన. ఆ పొద్దు బస్సు పోయింది. అటెన్క ఆయన మీద దొరికిందల్ల సదివిన. గందుకే ఈ ముచ్చట రాస్తున్న. అంబేద్కర్ సారును నేను చిండు, పోయిండు అని రాస్తున్న, మర్యాద తక్కువై కాదు. ఇంట్ల పెద్దన్న ముచ్చట చెప్పినట్టు చెప్తున్న.

ఆయన టాపర్ కాదు. ముందుగాల గిది తెల్సుకోవాలె. 1907ల మెట్రిక్ పాసైనప్పుడు వచ్చిన మార్కులు 750కి 282. మన లెక్కల నూటికి 38 కన్న తక్కువ. ఇయ్యాల గా మార్కులు మనకొస్తే చుట్టాలింటికి కూడ పోం. గని బొంబాయిల ఆయన కులపోళ్లు మీటింగు పెట్టి సన్మానం జేసిన్రు, ఎందుకంటే అంటరానోళ్లల్ల మెట్రిక్ అంటేనే అప్పటికి వింత. ఆ మీటింగుకు కేలుస్కర్ అనే పంతులు వచ్చి, తను మరాఠీల రాసిన బుద్ధుని కథ పుస్తకం పిలగాని చేతుల పెట్టిండు. అదే ఆయనకు బుద్ధునితోని మొదటి సోపతి.

బళ్లె సంస్కృతం సదువుతనంటే చెప్పమన్నరు. కులం అడ్డం వచ్చింది. పారశీ తీసుకున్నడు. ఇల్లంటే పరేల్ దిక్కు మిల్లు కూలీలు ఉండే చాల్ల ఒక్క అర్ర. వంట, పొయ్యి కట్టెలు, మనుషులు అన్నీ గండ్లనే. నాయిన రాంజీ సుబేదార్ మిలట్రీల జేసి దిగినోడు. కొడుక్కు పుస్తకం కావాలంటే పెండ్లిజేసి పంపిన బిడ్డల కాడికి పోయి నగలు అడుక్కొచ్చి కుదవవెట్టేటోడట. పింఛన్ రాంగనె ఇడిపించి మల్ల ఇచ్చేటోడు. రాత్రి అందరు పన్నంక పిలగాన్ని రెండు గంటలకు లేపి, చిమ్నీ లేని దీపం ముంగట కూసోవెట్టేటోడు. ఇది సదివినప్పుడు నాకు నా నాయిన సాటేసుకున్న మొకమే యాదికొచ్చింది. అప్పు జేసే నాయినలు అన్ని కాలాలల్ల ఒక్క తీరుగనే ఉంటరు.

1908ల ఎల్ఫిన్‌స్టన్ కాలేజీల చేరిండు. బొంబాయిల పేరువడ్డ కాలేజీ, పెద్దింటి పిలగాండ్లు సదివేది. అప్పటికే పెండ్లయింది, రమాబాయి ఇంక చిన్న పిల్ల. కాలేజీల చాయ్ హోటల్ నడిపేటాయన బ్రాహ్మణుడు. ఈయనకు చాయ్ పొయ్యకపోయేది, నీళ్లు కూడ ఇయ్యకపోయేది. మీరు కాలేజీల ఉన్న మూడు నాలుగేండ్లు క్యాంటీన్ కాడ నిలబడకుంట గడపండి, ఎట్లుంటదో తెలుస్తది. కాలేజీ అంటే మనకు యాదికొచ్చే ముచ్చట్లల్ల సగం క్యాంటీన్లనే పుడ్తయి. ఆ సగం ఆయనకు లేకుంటనే పోయింది. ఇంకో దిక్కు ముల్లర్ అనే ప్రొఫెసర్ పుస్తకాలు ఇచ్చేటోడు, తొడుక్కోను బట్టలు కూడ ఇచ్చిండు. నడుమల పైసలు ఒడిసి సదువు ఆగుతదనుకునే టైముకు కేలుస్కర్ పంతులు బరోడా రాజు సయాజీరావు గైక్వాడ్ కాడికి తోల్కపోయిండు. రాజు రెండు మూడు ప్రశ్నలు అడిగి, నెలకు 25 రూపాయల స్కాలర్‌షిప్ రాసిచ్చిండు. గా 25 రూపాయలే ఆయన్ని బీఏ దాక మోసినయి. 1912ల బీఏ అయిపోయింది.

బీఏ అయినంక బరోడాల నౌకరికి పోయిండు. పట్టుమని పది పదిహేను దినాలు జేసిండో లేదో నాయినకు బాగలేదని తారొచ్చింది. రైలెక్కిండు. తొవ్వల సూరత్ స్టేషన్ల నాయినకు మిఠాయి కొందామని దిగిండు. కొని తిరిగి సూసేసరికి రైలు కదిలి పోయింది. ఇంకో రైలు దొరికి బొంబాయి చేరేసరికి మరునాడు. నాయిన కండ్లు తలుపు దిక్కే ఉన్నయట. కొడుకు వీపు మీద చెయ్యి ఏసి నిమిరి, పాణం ఇడిసిండు. 1913 ఫిబ్రవరి 2. పుస్తకాలకు బిడ్డల నగలు కుదవవెట్టిన మనిషికి కొడుకు పొట్లం కట్టిచ్చిన మిఠాయి నోట్లె పెట్టనీకె టైము దొరకలే. నేను ఈ పేజీ కాడ పుస్తకం మూసి బయటికొచ్చి శానసేపు నిలవడ్డ.

ఆ ఏడే బరోడా రాజు విదేశీ సదువుకు పిలగాండ్లను పంపుతుండని తెలిసి దరఖాస్తు పెట్టిండు. మూడేండ్లు, నెలకు 11న్నర పౌండ్లు. వాపస్ వచ్చినంక పదేండ్లు బరోడాల నౌకరి జెయ్యాలె, గట్ల బాండు మీద సంతకం తీసుకున్నరు. జూలైల న్యూయార్కుల దిగిండు, కొలంబియా యూనివర్సిటీ. మొదట్ల హార్ట్లీ హాల్ అనే హాస్టల్ల దిగితే తిండి పడలే, వారానికే మారిండు. ఇండియా పిలగాండ్లు ఉండే కాస్మోపాలిటన్ క్లబ్బుల కొన్నాళ్లున్నడు. ఆఖరికి లివింగ్‌స్టన్ హాల్ల ఒక అర్ర దొరికింది, రూమ్మేటు నవల్ భథేనా అనే పార్సీ పిలగాడు. ఈ పేరు యాది పెట్టుకోండి, మల్ల వస్తది.

న్యూయార్కుల మొదటిసారి ఎవ్వడు కులం అడగలే. హోటల్ల అందరితోని కూసొని తిన్నడు, అందరు తాగిన గ్లాసుతోనే తాగిండు. మనకిది చిన్న ముచ్చట లెక్క అనిపించొచ్చు. చిన్నప్పుడు బళ్లె బంట్రోతు పైకెల్లి నీళ్లు పోస్తేనే దూప తీరినోడు, బంట్రోతు రాకుంటె దూపకే ఉన్నోడు, గా గ్లాసు ముట్టుకున్నప్పుడు ఏమనుకున్నడో! ఆ సంబురంలనే ఇంటిదిక్కు దోస్తుకు ఉత్తరం రాసిండు. మొగపిల్లల తోపాటు ఆడపిల్లలను కూడ సదివిస్తేనే మన బతుకులు జల్దిన మారుతయని దాని మతలబు.

ఇగ సదువుడు సూడండి. ఎంఏ, పీహెచ్‌డీ కోసమని మూడేండ్లల్ల తీసుకున్న కోర్సుల లెక్క కొలంబియా రికార్డులల్ల ఉంది: అర్థశాస్త్రంల 29, చరిత్రల 11, సమాజ శాస్త్రంల 6, తత్వశాస్త్రంల 5, మానవ శాస్త్రంల 4, రాజకీయ శాస్త్రంల 3, ఫ్రెంచి ఒకటి, జర్మన్ ఒకటి. మొత్తం 60. పరీక్షకు కావాల్సినయి గిన్ని లేవు. దొరికిన సదువునల్ల మూట కట్టుకొని పోవాలన్న ఆత్రం గది. కరువు సూసినోడు గాదెల వడ్లు నింపినట్టు. సెలిగ్మన్ కాడ అర్థశాస్త్రం నేర్చిండు. జాన్ డ్యూయీ అనే తత్వవేత్త పాఠాలు ఆయన్ని సచ్చేదాక ఇడవలే. ఖర్చులు పట్టి పట్టి పెట్టి, మిగిలిన పైసలు ఇంటికి పంపేటోడు. సినిమాలు, షికార్లు ఏం లెవ్వు. ఉన్న ఒక్క రంధి పాత పుస్తకాల దుకాణం. గట్ల అగ్గువకు కొన్నయి రెండు వేల దాక అయినయి.

ఆ టైముకు లాలా లజపతి రాయ్ న్యూయార్కుల ఉన్నడు. ఉద్యమంలకు రమ్మని పిలిచిండు. ఈయన పోలే. ముందు సదువు, రాజు ఇచ్చిన పైసలకు న్యాయం జెయ్యాలె అన్నది ఆయన లెక్క. దీని మీద మా దోస్తులల్ల లొల్లి అయితది ఎప్పుడు. స్టూడెంటు రాజకీయంల దిగాలెనా వద్దా అని. నేనైతే ఆయన రాజకీయం అప్పుడే జేసిండంట. 1916 మే 9న, 25 ఏండ్ల పిలగాడు, గోల్డెన్‌వైజర్ అనే మానవ శాస్త్రం ప్రొఫెసర్ సెమినార్ల నిలబడి, ఇండియాల కులం ఎట్ల పుట్టింది, ఎట్ల పాకిందని పేపరు సదివిండు. కులం నిలబడేది కులంలనే పెండ్లి జేసుకునుడు మీద అని తేల్చిండు. నూరేండ్లు దాటింది. మన ఊర్లల్ల ఇయ్యాల కూడ పిలగాన్ని నరికేది దేనికోసమో తెలుసు కద. గా క్లాసు పేపరు ఇంక పాతగాలే.

1916ల లండన్ పోయిండు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌ల ఒక సదువు, గ్రేస్ ఇన్‌ల వకీలు సదువు, రెండూ ఒక్కసారే మొదలువెట్టిండు. ఏడాది గాకముందే స్కాలర్‌షిప్ గడువు ఒడిసింది. వాపస్ రమ్మన్నరు. యూనివర్సిటోళ్లు ఒక మంచి పని జేసిన్రు, నాలుగేండ్ల లోపు మల్ల వచ్చి పూర్తి జేసుకోవచ్చని పర్మిషన్ ఇచ్చిన్రు. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుంది. ఆయన ఒక ఓడల, సామాను ఇంకో ఓడల. సామాను ఓడను జర్మనోళ్లు టార్పెడో పెట్టి ముంచిన్రు. పుస్తకాలు సముద్రం పాలు. దానికొచ్చిన నష్టపరిహారం పైసలతోనే బరోడాకు టికెట్టు కొన్నడు, ఇంట్ల వేరే పైసలు లెవ్వు.

బరోడాల ఏమైందో శానమందికి తెలుసు, జల్ది చెప్పి పోత. కొలంబియాల సదివొచ్చిన మనిషికి ఊరంత తిరిగినా కిరాయి అర్ర దొరకలే. పార్సీల సత్రంల పార్సీ పేరు రాయించి దిగిండు. పదకొండో రోజు పొద్దుగాల కట్టెలు పట్టుకొని పది పన్నెండు మంది వచ్చి, పొద్దుగూకెలోపు ఖాళీ జెయ్యమన్నరు. ఒక హిందూ దోస్తు, ఒక క్రిస్టియన్ దోస్తు, ఇద్దరూ ఇంట్ల పెట్టుకోనీకె ఎనకాడిన్రు. తోటల చెట్టు కింద కూసొని, రాత్రి రైలుకు బొంబాయి పోయిండు. ఈయనను ఎల్లగొట్టింది పార్సీలే, ఈయన రూమ్మేటు నవల్ భథేనా కూడ పార్సీనే. మనుషుల సంగతి గట్లుంటది.

బొంబాయిల 1918ల సిడెన్‌హామ్ కాలేజీల ప్రొఫెసర్ అయిండు, నెలకు 450 రూపాయలు. గీడ కూడ స్టాఫ్ రూముల కుండనీళ్లు ముట్టొద్దని కొందరు తోటి ప్రొఫెసర్ల లొల్లి. అప్పటి దినాలకు 450 పెద్ద జీతం. ఇంకోడైతే బంగ్లా కిరాయికి తీసుకునేటోడు. ఈయన చాల్‌లనే రెండు అర్రలల్ల ఉండి, లండన్‌ల ఆగిన సదువు కోసం పైసలు కూడవెట్టిండు. నౌకరొచ్చినంక మల్ల స్టూడెంటు కావాలంటె ఎంత పట్టుదల కావాలె! 1920 జనవరిల మూక్‌నాయక్ పత్రిక పెట్టిండు, ఆ ఎండకాలం నౌకరి ఇడిసిండు. కూడవెట్టింది సాలలే. కొల్హాపూర్ షాహూ మహారాజ్ సాయం జేసిండు. ఇంకో 5,000 అప్పు ఇచ్చిందెవరు? న్యూయార్కు రూమ్మేటు నవల్ భథేనా. రూమ్మేటు అంటె గట్లుండాలె.

ఇగ నాకు అన్నిటికన్న ఎక్కువ నచ్చిన దినాలు లండన్‌ల రెండోపారి ఉన్నయి. వయసు 29. ఇంటికాడ పెండ్లాం, కొడుకు. కింగ్ హెన్రీస్ రోడ్డుల 10 నంబరు ఇల్లు, ఒక ముసలామె నడిపే బోర్డింగు. ఆమె పిసినారి. పొద్దుగాల ఒక రొట్టె ముక్క, ఇంత చేప, ఒక కప్పు బోవ్రిల్. బోవ్రిల్ అంటే మాంసం రసం గడ్డగట్టిచ్చి డబ్బాల అమ్ముతరు, ఏడినీళ్లల్ల కలుపుకొని తాగుడు. గంతే నాష్టా. బస్సుకు పైసలు దండుగని నడుసుకుంట బ్రిటిష్ మ్యూజియం లైబ్రరీకి. తలుపులు తెరిసేసరికి ముంగట ఉండేది ఈయనే, సాయంత్రం మూసేటప్పుడు ఆఖరికి బయటికొచ్చేది ఈయనే, జేబుల నిండ నోట్సు కాయితాలు. నడుమల తిండి లేదు. రాత్రి మల్ల గదే బోవ్రిల్, రెండు బిస్కెట్లు. పది గొట్టంగ కడుపుల కాలేది. తెలిసినాయన ఒగాయన ఇచ్చిన అప్పడాలుంటుండె. రేకు పల్లెం మీద నాలుగు కాల్చుకొని తిని, మల్ల పుస్తకం తెరిసేటోడు. తెల్లారగట్ల దాక సదువుడే. పక్క మంచం పిలగాడు ఇగ పండుకోమంటే, తిండికి పైసలు లెవ్వు, నిద్రకు టైము లేదు, సదువు జల్ది ముగియ్యాలె అని జవాబు.

రోజుకు 18 గంటలు సదివిండని మన వాట్సాప్ గ్రూపులల్ల ఫోటోలు తిప్పుతరు. నాకు గవి సూస్తే కోపమొస్తది. 18 గంటలు ఎందుకు సదివిండో గండ్ల ఉండది. సదువు మీద పేమ ఒక్కటే కాదు, అప్పు మీద బతుకుతున్నడు, ఒక్క నెల ఎక్కువుంటె ఆ నెల కిరాయి ఎవరిస్తరు? గడియారం కాదు ఆయన్ని తరిమింది, పైసలు. ఇంకోటి కూడ గండ్ల ఉండది. రమాబాయి. ఆయన ఆడ అప్పడాలు తింటుంటె, ఆమె ఈడ చాల్‌ల పస్తులుండుకుంట పిల్లలను సాకింది. పుట్టిన ఐదుగుర్ల నలుగురు చిన్నప్పుడే సచ్చిపోయిన్రు, యశ్వంత్ ఒక్కడే మిగిలిండు. ఆమె 1935లనే పోయింది. తర్వాత పాకిస్తాన్ మీద రాసిన పుస్తకాన్ని ఆమెకు అంకితమిచ్చిండు, దిక్కులేని దినాలల్ల తనతోని కష్టం పడ్డందుకు. ఆ డిగ్రీలల్ల ఆమె పస్తుల వాటా కూడ ఉన్నది. ఫోటోల ఉన్న కోటును ఒక్కని కష్టం కింద లెక్కగట్టుడు నాకు నచ్చదు.

1921ల ఎమ్మెస్సీ అయింది. 1922ల బారిస్టర్. జర్మనీల బాన్ యూనివర్సిటీల కూడ సదువుదామని పోయిండు. డీఎస్సీకి రూపాయి మీద థీసిస్ రాసిచ్చిండు. అదెట్లొచ్చింది? వాపస్ వచ్చింది! తెల్లోళ్ల పాలన మీద ఘాటుగ ఉందని పరీక్షించేటోళ్లకు మింగుడు పడలే, మార్చి ఇయ్యమన్నరు. సారుకు బ్యాక్‌లాగ్ అనుకోండి. చేతుల పైసలు ఒడిసినయి. 1923 ఏప్రిల్ల బొంబాయికి వాపస్ వచ్చి, గాన్నుంచే తిరగరాసి పంపిండు. వాదన మార్చలే, మాటలు సదురుకున్నడు. ఆ నవంబరుల డీఎస్సీ ఇచ్చిన్రు. కొలంబియా పీహెచ్‌డీ అయితే 1916ల థీసిస్ ఇచ్చినా, పుస్తకం అచ్చేసి ఇయ్యాలన్న రూలు ఉండబట్టి, పట్టా చేతికొచ్చేసరికి 1927. పదకొండేండ్లు. మా సర్టిఫికెట్లు లేటయితున్నయని ఏడ్చేటోళ్లం మేము.

అటెన్క ఆయనే కాలేజీలు పెట్టిండు. బొంబాయిల 1946ల సిద్ధార్థ, 1950ల ఔరంగాబాద్‌ల కాలేజీ. ఔరంగాబాద్ అప్పుడు మన హైదరాబాద్ రాష్ట్రంలనే ఉండె. 1953 జనవరి 12న మన ఉస్మానియా యూనివర్సిటీ ఆయనకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. నేను పీజీకి ఉస్మానియా పోయిన మొదటి వారం ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూసొని గదే యాది జేసుకున్న. ఆ పోయిన రెండు సబ్జెక్టులు మూడోపారి రాస్తె పాసైనయి. మొదటిపారి కాదు, రెండోపారి కాదు.

పోయినేడు మా ఊరి పిలగాడు ఒకడు మాస్టర్స్ కోసం లండన్ పోయిండు. నాయిన రెండెకరాలు కుదవవెట్టిండు. పొద్దంత క్లాసు, రాత్రి గోదాముల డబ్బాలు మోసుడు. ఒక ఆదివారం కింగ్ హెన్రీస్ రోడ్డుకు పోయి ఫోటో పంపిండు. గోడ మీద గుండ్రటి పలక ఉంది, అంబేద్కర్ 1921-22ల గీడ ఉన్నడని రాసుంది. ఆ ఇల్లు మహారాష్ట్ర సర్కారు కొని మ్యూజియం జేసింది. లోపల మస్తు సేపు కూసున్నడట. ఏమనిపించిందిరా తమ్మీ అని అడిగిన. శానసేపు జవాబు రాలే. తర్వాత మెసేజ్ పెట్టిండు, వచ్చే వారం ఫీజు రెండో కిస్తు కట్టాలె, ఎంతన్న సర్దుబాటు అయితదా అన్నా అని.

నా కాడ ఉన్నయి పంపిన. సగానికి కూడ రావు. ఇంకో ఇద్దరు పాత రూమ్మేట్లకు ఫోన్ జేసిన, సూస్తమన్నరు.